తలుపు బయటి కుర్చీ

ముందే చెప్పుకుంటున్నాను, నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. ఒత్తులూ దీర్ఘాలూ నాకింకా లొంగలేదు. ఒక పేజీ నిండేసరికి పొయ్యి మీద పప్పు ఉడికి చల్లారిపోతుంది. తల నెరిశాక మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకున్న అక్షరాలివి. 'నేను' అని మొదలుపెడితే సిగ్గేసి చెయ్యి ముందుకు పోవడం లేదు. 'ఓబులమ్మ' అని నా పేరే పెట్టి, ఎవరో ఒకామె సంగతి చెబుతున్నట్టు రాస్తే సాగుతోంది. అట్లాగే చదువుకోండి.

అరబ్బు దేశంలో, దమ్మాం అనే ఊళ్ళో, ఆటల హాలు తలుపు బయట, గోడకు ఆనించి వేసిన ప్లాస్టిక్ కుర్చీలో ఓబులమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. లోపల తాను పెంచిన పిల్ల కౌసర్ బరువులెత్తాలి. ఆడపిల్లల పోటీ కాబట్టి లోపల అందరూ ఆడవాళ్ళే, ఓబులమ్మ వెళ్ళి కూర్చుంటే కాదనేవాళ్ళు లేరు. తలుపుకు గడియ కూడా లేదు, నెడితే తెరుచుకుంటుంది. అయినా బయటే ఉండాలి. అది దక్తూరా సురయ్యా పెట్టిన నియమం, కౌసర్ ఒప్పుకున్న నియమం, తానూ తలూపిన నియమం. ఈ పోటీలో నిలబడితే దేశం తరఫున ఆడే పిల్లల శిబిరానికి కౌసర్‌ను పిలుస్తారు. నిలబడకపోతే ఇంకో ఏడాది ఆగాలి. ఆ ఏడాదికి ఓబులమ్మ ఇక్కడ ఉండదు. ఈద్ దాటగానే ఖురూజ్, మళ్ళీ తిరిగి రాని ప్రయాణం. ఇక ఇఖామాకు, అంటే ఇక్కడ ఉండే అనుమతికి, డబ్బు కట్టవద్దని తానే ఇంటివాళ్ళకు చెప్పుకుంది, మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు, కొడుకు ఉదయకిరణ్ కూడా ఇంటికి రమ్మని పోరుతున్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పినప్పటినుంచే కౌసర్ చేతుల్లో బరువు నిలవడం మానేసింది. రాడ్డు మోకాళ్ళదాకా వస్తుంది, అక్కడ వేళ్ళు విడిపోతాయి, దభేలున పడుతుంది. కోచ్ భుజాలు చూసింది, నడుము చూసింది, అన్నీ బాగున్నాయంది. బాగాలేనిది ఎక్కడో తెలుసుకోవడానికి దక్తూరాను పిలిపించారు.

దక్తూరా అంటే సూదులేసే డాక్టరు అనుకుంది ఓబులమ్మ మొదట్లో. ట్యునీషియా నుంచి వచ్చిన సన్నటి మనిషి, కాళ్ళకు పరుగు బూట్లు, చేతిలో ఒక్క ఫోను తప్ప ఏమీ లేదు, సంచీలో మందులు లేవు. ఆటగాళ్ళ మనసుకు సాధన చేయిస్తుందట. ఖతీఫ్‌లోని ఓబులమ్మ పనిచేసే ఇంట్లో, చుట్టాలు కూర్చునే మజ్లిస్ గదిలో తివాచీ మీద కౌసర్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ళు మూసుకో, రాడ్డు దగ్గరికి నడువు, దాని గరుకు చేతికి తగలనీ, ఎత్తు, పైన నిలబెట్టు, దించు, మళ్ళీ మొదటినుంచి, అని నెమ్మదిగా చెప్పేది. కౌసర్ పడుకునే ఎత్తేది. చేతులు తివాచీ మీద కొంచెం కొంచెం కదిలేవి, గొంతు దగ్గర నరం తేలేది, ముఖాన చెమట పట్టేది. చాయ్ పళ్ళెం పట్టుకుని గడపలో నిలబడిన ఓబులమ్మకు ఆ చేతులు చూడగానే ఫక్కున నవ్వొచ్చింది. దక్తూరా వేలు చూపించి కసిరింది. నవ్వాపుకుంటూ వంటింట్లోకి పోయి పళ్ళెం గట్టు మీద పెట్టేసరికి ఆ నవ్వు ఏడుపైపోయింది, ఎందుకంటే అచ్చం అట్లాగే తన మొగుడు రామాంజి చేతులు కదిలేవి. మధ్యాహ్నం కూడు తిని అరుగు మీద తుండుగుడ్డ పరుచుకుని పడుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళు ముడిచి విప్పుతూ ఉండేవాడు. కొత్త పెళ్ళికూతురు తను, మొగుడికి వాతమేమోనని బెదిరింది. "ఏందబ్బా ఆ చేతులు?" అని కదిపితే "గుండెత్తుతాండాలే, మాట్లాడగాకు, ఇప్పుడే తొడ మీదికొచ్చింది" అన్నాడు.

వాళ్ళ ఊళ్ళో ఉగాది మరునాడు గుండెత్తుతారు. ఏనాటిదో నున్నటి గుండ్రాయి, మిగతా ఏడాదంతా దాని మీద పిల్లలు కూర్చుంటారు, మేకలు ఎక్కుతాయి. ఆ రోజు మాత్రం కడిగి పసుపు పూస్తారు. గొంతుక్కూచుని, గుండును తొడల మీదికి దొర్లించుకుని, రొమ్ముకు హత్తుకుని, భుజమ్మీదికి తెచ్చి వెనక్కి వదలాలి. ఎత్తేవాడి ఇంటి ఆడది అక్కడ కనపడగూడదని ఆ ఊరి కట్టు. రామాంజి దానికి ఇంకో మాట చేర్చేవాడు, "నువ్వు కనపడితే నా చేతులు నీళ్ళైతాయి మే, నువ్వేమనుకుంటాండావో అని చూస్తా, గుండు నా కాలు మీద పడతాది." అందుకని ఓబులమ్మ ఇంట్లో తలుపు చెక్కకు చెవి ఆనించి నిలబడేది. వీధంతా ఒక్కసారి చప్పుడాగిపోయేది, కోళ్ళు కూడా అరిచేవి కాదనిపించేది, తర్వాత ఈలలు, డప్పులు, అప్పుడు ఊపిరి వదిలేది. మొగుడు గుండెత్తుతుంటే ఒక్కసారైనా కళ్ళారా చూడలేదు. దుమ్ముకొట్టుకుని, భుజం గీరుకుపోయి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఇంటికి రావడమే చూసింది, సున్నిపిండి వేసి వీపు రుద్దడమే చేసింది. జ్వరమొచ్చి పోయాడు ఆయన. గుండెత్తిన మనిషి మంచం మీద గ్లాసు ఎత్తలేకపోయాడు. ఆ ఏడాదే ఓబులమ్మ విమానమెక్కింది.

లోపల మైకులో ఎవరిదో పేరు పిలిచారు, కౌసర్‌ది కాదు. రాడ్డు పడిన అదురు నేల మీదుగా వచ్చి కుర్చీ కాళ్ళకు తగిలింది. ఓబులమ్మ పాదాలు పైకి ముడుచుకుంది. ఎదురుగా కార్లు నిలిపే చోట ఎండ మెత్తబడింది, దూరంగా సముద్రం వైపునుంచి ఉప్పుగాలి వస్తోంది. ఖతీఫ్‌కు వచ్చిన కొత్తలో ఈ గాలికే నిద్రపట్టేది కాదు. చేపల వాసన, ఖర్జూరపు తోటల తడి వాసన, పక్కగదిలో పాకే పసిదాని ఏడుపు. ఆ పసిదే కౌసర్. నోటికి రెండు భాషలు ఒకేసారి వచ్చాయి దానికి, అమ్మ దగ్గర అరబ్బీ, ఓబులమ్మ చంకలో రాయచోటి తెలుగు. అన్నం కావాలంటే బువ్వ అనేది, కోపమొస్తే "పో మే" అనేది. మెరుపులకు భయపడి కాళ్ళను చుట్టేసుకుంటే వీపు నిమురుతూ "ఏం లేదులే, ఏం లేదులే" అనేది ఓబులమ్మ, అంతకన్నా గొప్ప మాట తనకు తెలియక. గుండు కథ చెప్పింది కూడా ఆ పిల్లకే. ఒక రోజు బళ్ళోనుంచి వచ్చి బియ్యం మూట ఎత్తబోతుంటే నవ్వి, అట్లా కాదు, మా రామాంజి ఎట్లా ఎత్తేవాడో చూడు అని, బజారునుంచి అప్పుడే తెచ్చిన పుచ్చకాయ తీసుకుని, గొంతుక్కూచుని, తొడ మీదికి, రొమ్ము మీదికి, భుజమ్మీదికి తెచ్చి చూపించింది. భుజమ్మీదికి తెచ్చాక వెనక్కి వదలాలి గదా. కథ మత్తులో నిజంగానే వదిలేసింది. వంటిల్లంతా ఎర్రగా అయిపోయింది. కౌసర్ పొట్ట పట్టుకుని నేల మీద దొర్లింది. ఇంటి యజమానురాలు హలీమా, ఓబులమ్మ మామా అని పిలిచే మనిషి, పరుగున వచ్చి చూసి, "ఓబులు, మీ ఊళ్ళో పండు ఇట్లాగేనా కోసేది?" అంది.

ఆ తర్వాత ఆడపిల్లల కసరత్తు గది తెరిచారని తెలియడం, కౌసర్ వెళ్తానని మొండికేయడం, నాయనమ్మ రెండ్రోజులు మాట్లాడకుండా ముఖం తిప్పుకోవడం, ఓబులు తోడు వెళ్తేనే సరే అని తండ్రి ఒప్పుకోవడం. అట్లా వెళ్ళడం మొదలైంది. ఎక్కడ పోటీ ఉంటే అక్కడ ఓబులమ్మ, కుడివైపు మూడో వరుసలో, చేతిలో ఖర్జూరాల డబ్బా, ఒళ్ళో పిల్ల తువ్వాలు. అది అలవాటని ఎవరికీ తెలియలేదు, దక్తూరా పాత వీడియోలన్నీ తెప్పించి వరుసగా చూసేదాకా. ఫోను ఓబులమ్మకు కూడా చూపించింది. రాడ్డు ముట్టుకోబోయే ముందు ప్రతిసారీ కౌసర్ కళ్ళు కుడివైపు మూడో వరుసకు వెళ్తాయి. అక్కడ ఓబులమ్మ తలకు కప్పుకున్న గళ్ళ ఓణీ కనపడుతుంది. భుజాలు దిగుతాయి, ఎత్తుతుంది. ఇంకో వీడియో, రియాద్‌లో ఓడిపోయింది. అక్కడా కళ్ళు కుడివైపుకు వెళ్ళాయి. కుర్చీ ఖాళీ. తాను అప్పుడు నీళ్ళు తేవడానికి వెళ్ళింది. కళ్ళు వెతికాయి, వెతుకుతూనే ఉన్నాయి, ఇచ్చిన సమయం అయిపోవస్తుంటే వంగి పట్టుకుంది, పడేసింది. ఓబులమ్మ ఆ బొమ్మను వేలితో ఆపి చాలాసేపు చూసింది. తనను అంతగా వెతికిన కళ్ళు ఇంకెక్కడా చూడలేదు. రామాంజి వద్దన్నాడు, ఈ పిల్ల కావాలంటోంది. లోపల ఎక్కడో తియ్యగా అనిపించింది. అంతలోనే దక్తూరా, "నువ్వు వెళ్ళిపోతున్నావని తెలిసినప్పటినుంచి ఆమె ఆ ఖాళీ కుర్చీని ఇంట్లో కూడా చూస్తోంది. ఇది ఎవరి తప్పూ కాదు. కానీ వెతకడం మానాలి, వెతికే పనికి బదులు కళ్ళకు వేరే పని ఇవ్వాలి" అంది. దక్తూరా యాస అరబ్బీని కౌసరే తెలుగు చేసి చెప్పింది.

కళ్ళకు వేరే పని అంటే ఏమిటో నెలలపాటు వంటింట్లో చూసింది ఓబులమ్మ. అరచేతులకు తెల్లపొడి, రాడ్డు గరుకు మీద బొటనవేలు, దాని మీదే చూపు, మెల్లగా ఊపిరి, మనసులో ఒక మాట, ఎత్తు. ప్రతిసారీ అదే వరుస. మాట నీ ఇష్టం, ఏదైనా పెట్టుకో, ఎవరికీ చెప్పనక్కర్లేదు అంది దక్తూరా. కౌసర్ మాత్రం దాచుకోలేదు, "ఏం లేదులే" పెట్టుకున్నానంది. దక్తూరా పలకబోయి నాలుక తిరగక, సరే, నాకు రాకపోయినా పనిచేస్తుంది అని నవ్వింది. చుట్టూ గోల ఉన్నా వరుస తప్పకూడదని, ఇంట్లో గోల చేసే పని ఓబులమ్మకు అప్పగించింది. కౌసర్ నేల తుడిచే కర్ర పట్టుకుని నిలబడేది, ఓబులమ్మ మూకుడు మీద గరిటెతో వాయించేది.

"ఎత్తుతావా, లేక ఆ కర్రతో ఇల్లు తుడుస్తావా?"

కౌసర్ పెదవి కొరుక్కునేది.

"ఆ కాళ్ళేంది, కొంగ కాళ్ళ మాదిరి? తినే తిండంతా యాడికి పోతాంది? మా ఊళ్ళో ముసలోళ్ళు నిన్ను చూస్తే పాలు తాపుతారు మే."

"ఓబులు, నవ్వొస్తాంది, ఆపు."

"అక్కడ జనం ఆపుతారా? నవ్వు, నవ్వి కింద పడెయ్యి, నాకేం, రాడ్డు నాది గాదు."

మొదట్లో కర్ర పారేసి పడీపడీ నవ్వేది. రానురాను నవ్వడం తగ్గింది. ఒకనాడు ఎంత వాయించినా, ఎంత తిట్టినా ఆ కనుపాపలు కర్ర మీదినుంచి కదల్లేదు, ఎత్తింది, దించింది, అప్పుడు తలెత్తి, "ఏమన్నావు ఇందాక, వినలేదు" అంది. సంతోషంగా మామాకు చెప్పడానికి పోయింది ఓబులమ్మ. కానీ ఆ సాయంత్రం మూకుడు తోముతుంటే, వినలేదు అన్న మాట చేతిలోంచి జారలేదు.

"ఇదో అక్కా, కరక్ చాయ్." అబ్దుల్ ఘనీ కాగితం గ్లాసు అందించి ఎదుట గొంతుక్కూచున్నాడు. ఆ ఇంటి డ్రైవరు, ఊరు రాయచోటే, కార్లు నిలిపేచోటునుంచి రావడం ఇది మూడోసారి. "ఏమైందంట?"

"నాకెట్ల తెలుస్తాది? నీ మాదిరే బయటుండా."

"నన్నయితే పోనీయరు, నువ్వు పోవచ్చు గదా. తలుపు సందులోంచి తొంగి చూసి రాపో."

"వద్దన్నారు."

"ఎవురు చూస్తారక్కా? వెనకమాల నిలబడు. నేనైతే గోడ దూకి పోయుంటా."

"నీ పొట్టకు గోడ దూకుడొకటి. పో, బండికాడ కూచో."

వాడు నవ్వుకుంటూ వెళ్ళాడు. చాయ్ చల్లారింది. మైకులో ఈసారి కౌసర్ పేరు వినిపించింది. ఓబులమ్మ కళ్ళు మూసుకుంది. తెల్లపొడి, గరుకు, బొటనవేలు, ఊపిరి. తన వేళ్ళు ఒళ్ళో ముడుచుకున్నాయి. కనురెప్పల వెనక కౌసర్ వంగింది, దాని నడుము మీద రామాంజి గీరుకుపోయిన భుజం ఉంది, తలుపు చెక్క వాసన వచ్చింది, పైకి, పైకి, అంతలో నేల అదిరింది. ఎత్తి దించారో జారి పడిందో చెప్పలేని అదురు. చప్పట్లు లేవు. అయ్యో అన్నట్టు జనం నోటినుంచి ఒక పెద్ద గాలి. కాసేపటికి మళ్ళీ అదే పేరు, అదే అదురు, అదే గాలి. ఓబులమ్మ లేచి నిలబడింది, తాను లేచినట్టు తనకు తెలియలేదు.

తలుపు తోసుకుని మామా బయటకు వచ్చింది. అబాయా భుజం మీదినుంచి జారిపోయి ఉంది. ఇన్నేళ్ళలో ఆమె ముఖం అట్లా ఎప్పుడూ చూడలేదు. "రెండూ పోయాయి ఓబులు. ఇంకొక్కటే ఉంది. అది కూడా పోతే ఇంటికే. వెతుకుతోంది, కళ్ళతో అంతా వెతుకుతోంది. రా, ఊరికే అక్కడ నిలబడు చాలు."

"దక్తూరా ఏమంది?"

"ఏమీ అనడం లేదు, పెదవులు బిగించుకుని కూర్చుంది. నేను తల్లిని, నేను చెబుతున్నాను, రా."

మామా ఎప్పుడు రమ్మన్నా ఓబులమ్మ వెళ్ళింది. పొయ్యి మీద పాలు వదిలి వెళ్ళింది, నమిలే అన్నం వదిలి వెళ్ళింది. ఇప్పుడూ కాలు ముందుకు పడింది. చెయ్యి తలుపును తాకింది కూడా, చల్లగా ఉంది ఇనుము. పోతే ఏమవుతుంది, కుడివైపు మూడో వరుస, గళ్ళ ఓణీ, భుజాలు దిగుతాయి, ఎత్తుతుంది. తప్పకుండా ఎత్తుతుంది. ఆ తర్వాతి పోటీకో, ఈద్ దాటాకో, శిబిరంలోనో, ఆ కళ్ళు మళ్ళీ అటే పోతాయి. తను అప్పుడు రాయచోటి దగ్గర మేకలకు ఆకు వేస్తూ ఉంటుంది. బయట కూర్చున్నా లాభం లేదు, తలుపు అవతల ఉందని దానికి తెలుసు, అందుకే వెతుకుతోంది. ఉన్న మనిషి కోసమే గదా కళ్ళు వెతికేది. మెరుపు వచ్చినప్పుడు కాళ్ళను చుట్టుకున్న చేతులు గుర్తొచ్చాయి, అంత చిన్నవి, వేళ్ళకు ఖర్జూరం జిగురు. ఆ చేతులను తానే విడిపించాలి, ఇంకెవరి వల్లా కాదు.

"మామా, కౌసర్‌కు చెప్పు, ఓబులు వెళ్ళిపోయిందని. బండెక్కి వెళ్ళిపోయింది, ఇక్కడ లేదు అని చెప్పు."

"ఇప్పుడు అబద్ధం చెప్పమంటావా? ఏడుస్తుంది."

"అబద్ధం కాదు. అనా రూహ్. నిజంగానే పోతున్నాను."

మామా ఆమె ముఖంలోకి చూసింది. భుజం మీద ఒకసారి గట్టిగా నొక్కి, లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకోకముందే ఓబులమ్మ నడక మొదలుపెట్టింది. మోకాళ్ళు నొప్పి పెట్టాయో లేదో గుర్తు లేదు.

"అబ్బీ, బండి తియ్యి."

"పాప రాకుండానే? ఏందక్కా, గొడవైందా?"

"తియ్యమంటాండా గదా."

"యాడికి?"

"యాడికైనా. ఈడ ఉండగూడదు."

ఘనీ తాళం తిప్పాడు. కారు సముద్రం పక్క రోడ్డెక్కింది. తాడాట ఆడుకునే పిల్లలు, చాపలు పరుచుకుని ఫ్లాస్కుల్లోంచి కాఫీ వంచుకునే కుటుంబాలు, నీళ్ళ మీద వాలిన పొద్దు, అన్నీ అద్దంలో వెనక్కి పోతున్నాయి. ఏం చేసింది తను. ఆఖరి ఎత్తుకు ముందు ఒంటరిని చేసి వచ్చింది. ఏడ్చి, కళ్ళు మసకబారి, రాడ్డు కాళ్ళ మీద పడేసుకుంటే. తిరిగి పోనీయమని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. ఊళ్ళో వాకిట్లోనైతే తలుపు ఒకటి ఉండేది చెవి ఆనించడానికి. ఇక్కడ అదీ లేదు, చప్పుడు చేరని దూరం వచ్చేసింది. ఒక గొంతు మాత్రం లోపల, తనదో కౌసర్‌దో తెలియని గొంతు, ఏం లేదులే, ఏం లేదులే అంటూ ఉంది. ఘనీ రేడియో పెట్టబోయి ఆమె ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఫోను మోగింది. మామా నంబరు. గొంతు కౌసర్‌ది.

"యాడికి పోయినావ్ మే?"

"రోడ్డు మీదుండాం. ఏమైంది?"

"మామా చెప్పింది, పోయినావని. ఏడుపొచ్చింది. తర్వాత నీ మీద కోపమొచ్చింది, శానా." ఊపిరి ఎగపోస్తోంది. "అంతలోనే నా పేరు పిలిచినారు. పొడి పూసుకున్నా, పోయినా, పట్టుకున్నా."

"పట్టుకుని?"

"పట్టుకుని ఏంది, ఎత్తినా. కిందికి దించినాక గుర్తొచ్చింది, కుర్చీల దిక్కు చూడలేదని."

ఓబులమ్మ ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. ఘనీ పక్కనుంచి "ఏమంటాది, ఏమంటాది" అని గుసగుసలాడుతున్నాడు. వాడి మోచేతి మీద ఒకటి వేసి, "తిప్పు, వెనక్కి తిప్పు బండి" అంది.

ఫోనులో ఆ మాట కౌసర్‌కు వినపడింది. బరువుల పోటీలో ఎత్తడం రెండు రకాలు, రెండోది ఇంకా మిగిలి ఉంది, కాసేపట్లో మొదలవుతుంది. ఆ రోజు అది కూడా నిలబడిందని, శిబిరానికి పేరు పిలిచారని భోజనాల దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడుతూ చెప్పారు. మామా మిఠాయి పెట్టె వీధంతా పంచింది. అదంతా తర్వాత. ఆ నిమిషంలో ఫోను అవతల వెనకనుంచి ఎవరో అరబ్బీలో తొందరపెడుతున్నారు.

"రాగాకులే ఓబులు," అంది కౌసర్, మెత్తగా. "నేను చూసుకుంటా. నువ్వు ఇంటికి పో."

ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఏ మాట వినాలని ఆ తలుపు బయట కూర్చుందో ఆ మాటే విన్నది. సంతోషంగానే ఉంది, అబద్ధం ఎందుకు, కడుపు నిండినంత సంతోషం. కానీ రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఓణీ సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది.

"ఏమంది అక్కా? తిప్పేదా, వద్దా?"

"వద్దులే. ఇంటికే పోనియ్యి," అంది ఓబులమ్మ. "పాప ఆకలితో వస్తాది."

గుర్రంకొండ ఓబులమ్మ, యాభై తొమ్మిదేళ్ళు, ఇప్పుడు ఉండేది రాయచోటి దగ్గర కొడుకు ఇంట్లో.